ఒక శాస్త్రవేత్త, మూడు నాలుగు రంగాలు: ప్రచురణల చిట్టా, సైటేషన్ల లెక్క తేల్చే పద్ధతి

సైటేషన్ అంటే ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ఉదహరించడం. హెచ్-ఇండెక్స్ 7 అంటే కనీసం ఏడేసి సైటేషన్లున్న పేపర్లు ఏడు ఉన్నాయని. ఆ కొలతను 2005లో ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్, ఆ పేపర్లోనే రెండు అంకెలు చూపించాడు. భౌతిక శాస్త్రంలో అందరికంటే పైన ఉన్న ఎడ్వర్డ్ విటెన్‌కి 110. జీవశాస్త్రాల్లో పైన ఉన్న సోలమన్ స్నైడర్‌కి 191. దీన్నిబట్టి విటెన్ పని చిన్నదని ఎవరూ అనరు. జీవశాస్త్రంలో పేపర్లు ఎక్కువగా వస్తాయి, ఒక్కో పేపర్ చివర రిఫరెన్సులూ ఎక్కువే ఉంటాయి. కాబట్టి అక్కడ అందరికీ సైటేషన్లు ఎక్కువే పడతాయి.

స్టాటిస్టిక్స్‌లో మొదలుపెట్టి, కంప్యూటర్ సైన్సులో కొన్ని, జెనెటిక్స్ వాళ్లతో కలిసి మరికొన్ని పేపర్లు రాసిన వ్యక్తి విషయంలో ఈ తేడా ఒకే బయోడేటాలో కనిపిస్తుంది. ఆయన మొత్తం సైటేషన్లు 2,000 అని రాస్తే అందులో ఏ రంగం వాటా ఎంతో తెలియదు. అందుకని పనిని ఈ వరుసలో చేయాలి: ముందు చిట్టా శుభ్రం చేయడం, తర్వాత రంగాలవారీగా విడదీయడం, ఆ తర్వాత ఒక్కో పేపర్‌ను దాని రంగం, దాని సంవత్సరం సగటుతో పోల్చడం. చాలామంది మొదటి మెట్టు దాటేసి నేరుగా గూగుల్ స్కాలర్ అంకె ఎత్తి రాస్తారు. స్క్రూటినీలో తేడాలొచ్చేది అక్కడే.

చిట్టా

ఎక్సెల్‌లో పేపర్‌కి ఒక వరుస చొప్పున పెట్టండి. కాలమ్‌లు ఇవి: డీఓఐ (పేపర్ శాశ్వత గుర్తింపు సంఖ్య), శీర్షిక, సంవత్సరం, జర్నల్ లేదా కాన్ఫరెన్సు పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), రకం (పరిశోధన వ్యాసం, రివ్యూ, కాన్ఫరెన్సు పేపర్, పుస్తకంలో అధ్యాయం), రచయితలు ఎందరు, అందులో ఈయన స్థానం ఎన్నోది, కరెస్పాండింగ్ ఆథర్ (పేపర్ గురించి ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) అవునా కాదా, రంగం, స్కోపస్ సైటేషన్లు, వెబ్ ఆఫ్ సైన్స్ సైటేషన్లు, స్కాలర్ సైటేషన్లు, తీసుకున్న తేదీ. మూడు డేటాబేసుల అంకెలను ఒకే కాలమ్‌లో కలపొద్దు. స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్‌లనూ (జర్నల్‌లో రాకముందే వెబ్‌లో పెట్టిన పేపర్లు) వెబ్‌లో దొరికిన రిపోర్టులనూ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి దాదాపు ఎప్పుడూ దాని అంకే పెద్దది. ఒక పేపర్‌కి స్కాలర్ నుంచి, ఇంకోదానికి స్కోపస్ నుంచి తీసుకుంటే మొత్తం చెల్లదు.

పేపర్లు ఏరుకునే చోట్లు రంగాన్నిబట్టి మారతాయి. ఆర్కిడ్ (పరిశోధకుడి గుర్తింపు సంఖ్య కింద ఉండే పేజీ), స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, ఓపెన్‌అలెక్స్ అందరికీ పనికొస్తాయి. వైద్యం, జీవశాస్త్రం పేపర్లకు పబ్‌మెడ్ చూడాలి. కంప్యూటర్ సైన్సుకి డీబీఎల్‌పీ తప్పనిసరి, ఎందుకంటే ఆ రంగంలో మంచి పని ముందు కాన్ఫరెన్సులకే వెళ్తుంది, వెబ్ ఆఫ్ సైన్స్‌లో వాటిలో కొన్ని కనిపించవు. కణ భౌతిక శాస్త్రానికి ఇన్‌స్పైర్, ఖగోళ శాస్త్రానికి నాసా ఏడీఎస్, గణితానికి జెడ్‌బీమ్యాథ్ ఉన్నాయి. పబ్‌మెడ్ నుంచి జెడ్‌బీమ్యాథ్ దాకా ఈ ఐదూ చందా లేకుండా తెరుచుకుంటాయి. స్కోపస్‌కి చందా లేని కాలేజీలో కూడా రచయిత పేరుతో వెతికే పేజీ ఉచితంగా పనిచేస్తుంది, అందులో పేపర్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్ కనిపిస్తాయి. పబ్లిష్ ఆర్ పెరిష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ స్కాలర్, క్రాస్‌రెఫ్, ఓపెన్‌అలెక్స్ నుంచి డేటా తీసి ఎక్సెల్‌కి ఇచ్చేస్తుంది. స్కాలర్‌ని మాత్రం వెంటవెంటనే చాలాసార్లు కదిలిస్తే కాసేపు తలుపు మూసేస్తుంది. తొందరపడకుండా తీయాలి.

డౌన్‌లోడ్ చేసిన సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు నొక్కి నేరుగా తెరవకండి. పేజీల కాలమ్‌లో 3-12 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. సేవ్ చేశాక అసలు అంకె తిరిగి రాదు. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూ నుంచి దిగుమతి చేసి, పేజీలు, ఐఎస్‌ఎస్‌ఎన్, డీఓఐ కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకోండి.

డూప్లికేట్లు పట్టుకోవడానికి ముందు డీఓఐలను ఒకే తీరుకి తేవాలి. ముందున్న వెబ్ చిరునామా భాగం తీసేసి, అక్షరాలన్నీ చిన్నబడికి మార్చి, చివర మిగిలిపోయిన చుక్కలు, ఖాళీలు తుడవండి. డీఓఐ లేని పాత పేపర్లకు శీర్షికలో మొదటి నలభై అక్షరాలు, సంవత్సరం కలిపి పోల్చితే సరిపోతుంది. ప్రీప్రింట్‌కీ జర్నల్ రూపానికీ డీఓఐలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఈ పద్ధతికి అవి దొరకవు. వాటిని శీర్షికలు చదివి చేత్తో కలపాల్సిందే. రెండింటికీ మధ్య శీర్షిక మారిపోవడమూ మామూలే.

ప్రతి డీఓఐనీ, వెనక్కి తీసుకున్న పేపర్ల చిట్టా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేసుతో ఒకసారి సరిచూడండి. 2023లో దాన్ని డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. వెనక్కి తీసుకున్న పేపర్ చిట్టాలో ఉంటే దాచకుండా ఆ మాట పక్కనే రాయాలి. ఇప్పుడు ఎంపిక కమిటీలో కూర్చునేవాళ్లూ ఇది చూస్తున్నారు. జర్నల్ అసలుదా, అదే పేరుతో పుట్టిన నకిలీదా అన్న అనుమానం ఉంటే పేరుని కాదు, ఐఎస్‌ఎస్‌ఎన్‌ని పట్టుకుని వెతకాలి. నకిలీ సైట్లు ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా ఎత్తేస్తాయి, కాబట్టి ప్రచురణకర్త పేరు, సైటు చిరునామా స్కోపస్‌లోని జర్నల్ పేజీతో కలుస్తున్నాయో లేదో చూడాలి.

పేరు దగ్గర వచ్చే చిక్కు

డేటాబేసులు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంటిపేరు యల్లాప్రగడ అయినా, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి పేపర్‌ను ప్రపంచమంతా ఫిస్కే-సుబ్బారో అనే పిలుస్తుంది. ఆ పేరు ఇంగ్లిషు స్పెల్లింగూ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. రావు, రెడ్డి, శర్మ, కుమార్‌లతో ముగిసే పేర్లకు ఇంకో చిక్కు. సి.ఆర్. రావు స్టాటిస్టిక్స్ మనిషి, సి.ఎన్.ఆర్. రావు ఘనస్థితి రసాయన శాస్త్రవేత్త. ‘రావు, సి’ అని మాత్రమే ఇచ్చి వెతికితే ఇద్దరి పేపర్లూ ఒకే కుప్పగా పడతాయి.

పేరుని ఎన్ని రకాలుగా అచ్చువేశారో ముందే రాసుకోండి: ఇంటిపేరు పూర్తిగా ఉన్న రూపం, ఇంటిపేరు పొడి అక్షరంగా మారిన రూపం, రెండు మాటల పేరు కలిపి రాసినది, విడగొట్టినది, పెళ్లికి ముందు పేరు ఉంటే అది. ప్రతి రూపంతోనూ వెతకాలి. స్కోపస్‌లో ఒకే మనిషికి రెండు మూడు రచయిత ఐడీలు ఉండడం సర్వసాధారణం. రంగం మారిన వాళ్లకు మరీను, ఎందుకంటే సంస్థ, కో-ఆథర్లు, విషయం మూడూ ఒకేసారి మారితే యంత్రం కొత్త మనిషి అనుకుంటుంది. వాటిని కలపమని రచయితల ఫీడ్‌బ్యాక్ పేజీ నుంచి అర్జీ పెట్టాలి. కలిసేదాకా వేర్వేరు ఐడీల హెచ్-ఇండెక్స్‌లను కూడకండి. 9, 6 అని రెండు ఐడీలు ఉంటే కలిపాక 15 రావాలని లేదు. అన్ని పేపర్లూ ఒక వరుసలో పెట్టి మళ్లీ లెక్కించాలి.

స్కాలర్ ప్రొఫైల్‌లో దీనికి తిరగబడిన జబ్బు ఉంటుంది: ఎవరివో పేపర్లు వచ్చి చేరతాయి. కొత్త పేపర్లను తనంతట తాను చేర్చుకునే సెట్టింగు మార్చి, ముందు ఈమెయిల్‌లో అడిగేలా పెట్టండి. ఉన్నవాటిలో మనవి కానివి తీసేయండి. ఇకముందు ఈ చిక్కు రాకుండా ఉండాలంటే ఆర్కిడ్ తీసుకుని, పేపర్ పంపేటప్పుడే ఆ 16 స్థానాల సంఖ్య ఇవ్వడం ఒక్కటే మార్గం. చివరి స్థానంలో అంకెకి బదులు ఎక్స్ అక్షరం రావచ్చు, అది పొరపాటు కాదు. విశ్వవిద్యాలయాల వాళ్లు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే విద్వాన్ ప్రొఫైల్‌కి కూడా ఇదే సంఖ్య జోడించాలి.

లెక్క

పది వరుసలున్న చిట్టా తీసుకుందాం. సైటేషన్లు పెద్దవాటి నుంచి చిన్నవాటికి: 60, 41, 30, 18, 12, 9, 8, 5, 4, 0. ఏడో పేపర్‌కి 8 ఉన్నాయి, అంటే ఏడుకి తక్కువ కాదు. ఎనిమిదో దానికి 5 మాత్రమే. కాబట్టి హెచ్ 7. పది, ఆపైన సైటేషన్లున్నవి ఐదు, కనుక ఐ10-ఇండెక్స్ 5. జీ-ఇండెక్స్‌కి పైనుంచి కూడుతూ పోవాలి: పైనున్న జీ పేపర్ల మొత్తం జీ వర్గానికి తగ్గకుండా ఉండే అతిపెద్ద సంఖ్యే జీ. పదింటికీ కలిపి 187, పది వర్గం 100, కాబట్టి జీ 10. పేపర్ల సంఖ్య దగ్గర ఆగకుండా సున్నాలు చేర్చుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్‌లో అదే జీ 13 అవుతుంది (13 వర్గం 169, 14 వర్గం 196). రెండు చోట్ల రెండు జీలు రావడానికి తరచూ కారణం ఇదే.

ఇప్పుడు 5 ఉన్నదీ 4 ఉన్నదీ ఒకే పేపర్ అని తేలిందనుకోండి, ఒకటి జర్నల్ రూపం, ఒకటి ప్రీప్రింట్. కలిపితే 9. వరుస 60, 41, 30, 18, 12, 9, 9, 8, 0 అవుతుంది, హెచ్ 8కి పెరుగుతుంది. కానీ తొందరపడొద్దు. రెండు రూపాలనూ రిఫరెన్సుల్లో పెట్టిన పేపర్లు ఉంటాయి, అవి రెండుసార్లు లెక్కకొచ్చాయి. అలాంటివి రెండుంటే అసలు సంఖ్య 7, వరుస 60, 41, 30, 18, 12, 9, 8, 7, 0 అయి హెచ్ మళ్లీ 7కే వస్తుంది. హెచ్ అంచున ఉన్న పేపర్లకైనా ఉదహరించిన పేపర్ల జాబితా తెరిచి చూడాలి. పైనున్న 60, 41లకి ఆ శ్రమ అక్కర్లేదు, వాటిలో రెండు అటూ ఇటూ అయినా హెచ్ కదలదు.

స్వీయ సైటేషన్లు తీసేసిన లెక్క కూడా పక్కన ఇవ్వండి. ఈయన ఒక్కడే తనను ఉదహరించుకున్నవి తీసేశారా, కో-ఆథర్లలో ఎవరు ఉదహరించినా తీసేశారా అన్నది రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు. స్కోపస్ సైటేషన్ ఓవర్‌వ్యూలో ఈ ఎంపిక ఉంటుంది. స్కాలర్‌లో లేదు.

పాత పేపర్ల విషయంలో ఏ డేటాబేసైనా తక్కువే చూపిస్తుంది. సి.ఆర్. రావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చువేసిన పేపర్ నుంచే క్రామెర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం వచ్చాయి. స్కోపస్‌లో రిఫరెన్సుల డేటా 1970 నుంచే ఉంది, అంతకుముందు పాతికేళ్లలో ఆ పేపర్‌ను ఎవరు ఉదహరించినా అందులో కనపడదు. పైగా దాన్ని 1992లో ఒక సంకలనంలో మళ్లీ అచ్చువేశారు. అప్పట్నుంచి కొందరు 1945 అనీ కొందరు 1992 అనీ రాస్తారు, సైటేషన్లు రెండుగా చీలాయి. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటి: రాడార్ సిగ్నల్ విశ్లేషించే ఇంజినీరు ‘క్రామెర్-రావు హద్దు’ అని పేరు వాడి ఊరుకుంటాడు, రిఫరెన్సు ఇవ్వడు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన పనికి సైటేషన్లు ఆగిపోతాయి. ఇలాంటి పేపర్ చిట్టాలో ఉంటే అంకెతో సరిపెట్టకుండా, ఆ పేరు ఏ రంగాల్లో వాడుకలో ఉందో రెండు వాక్యాల్లో రాయడం సబబు.

రంగాలుగా విడదీయడం

స్కోపస్‌లో 27 విషయ విభాగాలు, వాటికింద 334 ఉపవిభాగాలు ఉన్నాయి. ఆ ముద్ర పడేది జర్నల్‌కి, పేపర్‌కి కాదు. జెనెటిక్స్ జర్నల్‌లో అచ్చయిన శుద్ధ స్టాటిస్టిక్స్ పేపర్ జెనెటిక్స్ కిందికే పోతుంది. ఓపెన్‌అలెక్స్ పేపర్ స్థాయిలోనే ముద్ర వేస్తుంది. సుమారు 4,500 అంశాలు, 252 ఉపరంగాలు, 26 రంగాలు. ఇది యంత్రం చేసే పని కాబట్టి అప్పుడప్పుడు నవ్వొచ్చే తప్పులూ ఉంటాయి. మంచి పద్ధతి: ఓపెన్‌అలెక్స్ ముద్రను కాలమ్‌లో దింపుకుని, ప్రతి వరుసా చదివి చేత్తో దిద్దుకోవడం. వంద పేపర్లకు ఒక పూట పని. మూడు నాలుగు రంగాలకు మించి విడదీయకండి. రెండింటి మధ్య ఎటూ తేలని పేపర్‌ను బలవంతంగా ఒక గంపలో వేయకుండా రెండు రంగాలకూ సగం సగం పంచండి.

విడదీశాక ఒక్కో రంగానికి మళ్లీ హెచ్-ఇండెక్స్ కట్టే అలవాటు ఉంది. పేపర్లు తక్కువున్నప్పుడు అది వట్టి పేపర్ల సంఖ్యే. పై చిట్టాలో స్టాటిస్టిక్స్‌వి 18, 12, 9 సైటేషన్లున్న మూడు పేపర్లయితే ఆ రంగంలో హెచ్ 3. అవే మూడింటికి 180, 120, 90 ఉన్నా 3 దాటదు. ఒక్కో రంగంలో కనీసం ఇరవై ముప్ఫై పేపర్లు లేకుంటే హెచ్ వదిలేయండి.

సగటుతో పోలిక

జెనెటిక్స్ పేపర్‌కి 30 సైటేషన్లు, స్టాటిస్టిక్స్ పేపర్‌కి 12 ఉన్నాయనుకుందాం. అదే ఏడాది, అదే రకం పేపర్లకు జెనెటిక్స్‌లో సగటు 40, స్టాటిస్టిక్స్‌లో 6 అనుకుంటే, మొదటిది 0.75, రెండోది 2.0. చూడ్డానికి చిన్నదైన పేపరే తన రంగంలో సగటుకి రెండింతలు. స్కోపస్‌లో కనిపించే ఎఫ్‌డబ్ల్యుసీఐ (ఫీల్డ్-వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్), వెబ్ ఆఫ్ సైన్స్ వాళ్ల ఇన్‌సైట్స్‌లోని సీఎన్‌సీఐ అనే కొలతలు ఈ లెక్కే చేస్తాయి. 1 అంటే ప్రపంచ సగటు.

పేపర్ రెండు రంగాల ముద్ర ఉన్న జర్నల్‌లో వస్తే ఎఫ్‌డబ్ల్యుసీఐ మామూలు సగటు తీయదు, హరాత్మక సగటు (విలోమాల సగటుకి విలోమం) తీస్తుంది. 6, 40ల మామూలు సగటు 23. హరాత్మక సగటు 10.4. పేపర్‌కి 18 సైటేషన్లుంటే 23తో భాగిస్తే 0.8, 10.4తో భాగిస్తే 1.7. సొంతంగా ఎక్సెల్‌లో కట్టిన లెక్కకీ స్కోపస్ చూపించే అంకెకీ పొంతన కుదరకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండోది గడువు: ఎఫ్‌డబ్ల్యుసీఐ అచ్చయిన సంవత్సరం, ఆ తర్వాతి మూడేళ్ల సైటేషన్లనే తీసుకుంటుంది. గణితంలో పేపర్‌కి సైటేషన్లు పుంజుకునేసరికే ఏళ్లు పడుతుంది, ఆ రంగంవాళ్లకు ఈ గడువు నష్టమే.

ఎఫ్‌డబ్ల్యుసీఐకి ఇంకో లోపం. పది పేపర్లలో ఒకటి 25 తెచ్చుకుని మిగతా తొమ్మిదీ 0.5 దగ్గర ఉన్నా సగటు 2.95 అని మెరిసిపోతుంది. అందుకే పర్సెంటైల్ మేలు: తన రంగంలో, తన సంవత్సరంలో పైనున్న పది శాతంలోకి వచ్చిన పేపర్లు ఎన్ని? చందా లేకపోయినా దీన్ని కట్టొచ్చు. ఓపెన్‌అలెక్స్‌లో అదే ఉపరంగం, అదే సంవత్సరం, అదే రకం పేపర్లను ఎంచుకుని, సైటేషన్ల వరుసలో పెట్టి, మన పేపర్ ఎన్నోదో చూడాలి. 4,000లో 310వది అయితే 7.75 శాతం, అంటే పై పది శాతంలో ఉన్నట్టే. రివ్యూలను రివ్యూలతోనే పోల్చాలి, వాటికి సైటేషన్లు ఎప్పుడూ ఎక్కువే. పబ్‌మెడ్‌లో ఉన్న పేపర్లకైతే అమెరికా ఎన్‌ఐహెచ్ వాళ్ల ఐసైట్ ఉచితంగా ఆర్‌సీఆర్ అనే నిష్పత్తి ఇస్తుంది. అది జర్నల్ ముద్రను నమ్ముకోకుండా, ఈ పేపర్‌తో కలిపి ఉదహరించిన పేపర్లనుబట్టి రంగాన్ని గుర్తిస్తుంది. రంగాల సరిహద్దుల్లో రాసేవాళ్లకు ఇది ఎక్కువ న్యాయం చేస్తుంది.

రచయితల వరుస

జీవశాస్త్రంలో మొదటి పేరు పని చేసినవారిది, చివరిది ల్యాబ్ అధిపతిది. గణితం, సిద్ధాంత కంప్యూటర్ సైన్సు, అర్థశాస్త్రంలో పేర్లు ఎక్కువగా అక్షరక్రమంలో ఉంటాయి, మొదటి పేరుకి ప్రత్యేకత లేదు. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి 2015లో వేసిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. అలాంటి పేపర్ ఒక్కటి చిట్టాలో ఉన్నా మొత్తం సైటేషన్లు తారుమారవుతాయి. ప్రతి పేపర్ సైటేషన్లనూ రచయితల సంఖ్యతో భాగించిన కాలమ్ ఒకటి వేరుగా పెట్టండి. యూజీసీ 2018 నిబంధనల్లో కూడా వాటాల లెక్క ఉంది: ఇద్దరు రచయితలైతే చెరో 70 శాతం మార్కులు, ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన లేదా కరెస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు ఒక్కొక్కరికి 30 శాతం. అక్షరక్రమం పాటించే రంగం పేపర్లయితే ఆ సంగతి దరఖాస్తులో ఒక వాక్యంగా రాయకపోతే, ఇంటిపేరు వై అక్షరంతో మొదలయ్యేవాళ్లు ఎప్పుడూ నష్టపోతారు.

కాగితం మీద పెట్టడం

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్లను కూడి మొత్తం రాసే పద్ధతి మన బయోడేటాల్లో బాగా పాతుకుపోయింది. అది జర్నల్ రెండేళ్ల సైటేషన్ల సగటు, ఈ పేపర్ కొలత కాదు. దరఖాస్తు ఫారమ్ అడిగితే ఆ గడి నింపండి, అడగకపోతే రాయకండి.

‘ప్రపంచంలోని టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో చోటు’ అని ఏటా వార్తలొస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఉండే జాన్ అయొనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేసే జాబితా అది, విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు కాదు. అందులో రెండు పట్టికలుంటాయి: కెరీర్ మొత్తానిది, ఒక్క ఏడాదిది. 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడదీస్తారు. ఏ పట్టిక, ఏ సంవత్సరం, ఏ ఉపరంగం, స్వీయ సైటేషన్లు తీశాకా ముందా అన్న నాలుగూ రాయాలి. పలు రంగాల్లో రాసేవాళ్లను వాళ్ల పేపర్లు ఎక్కువున్న ఒక ఉపరంగం కిందే లెక్కిస్తారు కాబట్టి, అది మీరు అనుకున్న రంగమేనా అని ముందు చూసుకోండి.

డేటా అంతా ఒకే రోజు తీసి, ఆ రోజు షీటును వేరే ఫైలుగా భద్రపరచండి. ఇంటర్వ్యూ నాటికి అంకెలు పెరుగుతాయి, అడిగితే చూపించడానికి పాతది చేతిలో ఉండాలి. చివరికి బయోడేటాలో పడే వాక్యం ఇలా ఉంటే చాలు: ‘స్కోపస్‌లో 42 పేపర్లు, స్వీయ సైటేషన్లు తీసేసి 610 సైటేషన్లు, హెచ్ 13. స్టాటిస్టిక్స్‌లో 20 పేపర్లు, వాటిలో 5 తమ ఏడాది పై పది శాతంలో. జెనెటిక్స్‌లో 14, వాటిలో 1. కంప్యూటర్ సైన్సులో 8, వాటిలో 2. ప్రీప్రింట్‌లు కలపలేదు. డేటా తీసిన తేదీ, ఆర్కిడ్ సంఖ్య కింద ఉన్నాయి.’